కుర్చీల మీద మిగిలిపోకూడదు: ప్రత్యేక సంచికల సంపాదకులకు బహిరంగ లేఖ

పూర్వ విద్యార్థుల సంఘాలు, ఉత్సవ కమిటీలు, కళాశాలలు, ఇక్కడా విదేశాల్లోనూ ఉన్న తెలుగు సంఘాలు తెచ్చే ప్రత్యేక సంచికల సంపాదకవర్గ సభ్యులందరికీ,



ఈమధ్య ఒక స్వర్ణోత్సవ సభకు వెళ్లాను. గుమ్మం దగ్గరే ప్రతి ఒక్కరి చేతికీ ఒక సంచీ ఇచ్చారు. అందులో నీళ్ల సీసా, పెన్ను, జ్ఞాపిక, వాటి అడుగున 128 పేజీల ప్రత్యేక సంచిక. భోజనాల వేళకు జనం లేచారు. నీళ్ల సీసాలూ జ్ఞాపికలూ వాళ్ల వెంట వెళ్లాయి. సంచికలు చాలావరకు కుర్చీల మీదే ఉండిపోయాయి. సాయంత్రం షామియానా వాళ్లు వాటిని ఏరి, కట్టలు కట్టి, వేదిక వెనక గోడకు ఆనించారు. ఆర్ట్ పేపరు మీద నాలుగు రంగుల అచ్చు. వెనక ఎంతమంది రాత్రులు మేల్కొని ఉంటారో, ఎవరెవరు చందాలు వేసి ఉంటారో. ఆ కట్టలు చూసి నా ప్రాణం ఉసూరుమంది. అందుకే ఈ ఉత్తరం.

ముప్పై ఏళ్లకు పైగా పత్రికల డెస్కుల మీద పనిచేశాను. తర్వాత అడిగినవారికల్లా సంచికలు తేవడంలో చేయి వేస్తున్నాను. ఇన్నేళ్లలో నాకు తెలిసివచ్చింది ఒకటుంది. సంచిక పని మొదలైన గదిలో వ్యాసం ఇచ్చినవారి తరఫున మాట్లాడటానికి వాళ్ల స్నేహితులు ఉంటారు. ప్రకటన ఇచ్చినవారి తరఫున కోశాధికారి ఉంటారు. వేదిక మీద కూర్చునే పెద్దల తరఫున అధ్యక్షులవారే ఉంటారు. పాఠకుడి తరఫున ఆ గదిలో ఉండేది సంపాదకుడు ఒక్కడే. ఆయన కూడా మిగతావారి వైపు వెళ్లిపోతే పాఠకుడికి దిక్కు లేదు. మీరు చేసే ప్రతి పనినీ, పేజీల లెక్క దగ్గర నుంచి అక్షరం సైజు దాకా, ఆ గదిలో లేని ఆ మనిషి తరఫున చేయండి. మిగిలిందంతా ఇందులోంచే వస్తుంది.

మొట్టమొదట, ఈ సంచిక ఎందుకో ఒక్క వాక్యంలో రాసుకోండి. 'యాభై ఏళ్లు నిండాయి కాబట్టి' అన్నది సభకు కారణం అవుతుంది కానీ సంచికకు సరిపోదు. తెలంగాణలో తెలుగు కవులు లేరని ఎవరో రాసిన మాటకు జవాబుగా సురవరం ప్రతాపరెడ్డి గారు 1934లో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. 354 మంది కవులను వెతికి పట్టుకుని వారి వివరాలూ పద్యాలూ అచ్చు వేశారు. ఆ సంచికకు చేయాల్సిన పని ఒకటుంది, దాన్ని చేసి చూపింది. అందుకే తొంభై ఏళ్లు దాటినా పరిశోధకులు దాని పేరు చెప్పుకుంటున్నారు. మీ సంచికకు అంత పెద్ద పని ఉండనక్కర్లేదు. 'మా బడిలో చదివి ఊరు విడిచినవాళ్లకు ఆనాటి బడిని మళ్లీ చూపించడం' చాలు. ఆ వాక్యాన్ని గోడకు అంటించండి. వచ్చిన ప్రతి రచననూ దాని పక్కన పెట్టి చూడండి. సగం తగవులు అక్కడే తీరతాయి.

తర్వాత పేజీల లెక్క. ప్రెస్సులో కాగితం ఫారాల చొప్పున నడుస్తుంది. ఫారం 16 పేజీలైతే 96 పేజీలకు సరిగ్గా 6 ఫారాలు. మీరు 99 పేజీలు పట్టుకెళితే ఆ మూడు పేజీల కోసం కాగితమూ డబ్బూ వృథా. కాబట్టి ముందే ప్రెస్సువారిని అడిగి పేజీల సంఖ్య ఖాయం చేసుకోండి. తెల్లకాగితాలు మడిచి అరచేతిలో పట్టేంత డమ్మీ చేయండి. ఏ పేజీలో ఏ రచన, ఏ ఫొటో, ఏ ప్రకటన అన్నది పెన్సిలుతో రాయండి. బేసి సంఖ్య పేజీ కుడివైపున వస్తుంది. ముఖ్యమైన రచనలు అక్కడ మొదలైతే పేజీ తిప్పగానే కంటికి తగులుతాయి. వరసగా నాలుగు వ్యాసాలు పెడితే చదువరి అలసిపోతాడు. పెద్ద వ్యాసం పక్కన చిన్న జ్ఞాపకం, దాని తర్వాత ఒక ఫొటోల పుట, ఆపైన ఇంటర్వ్యూ. ఇవన్నీ ఎలా కుదురుతాయో డమ్మీలో కనిపిస్తుంది, కంప్యూటర్ తెర మీద కనిపించదు.

ఇక్కడే సందేశాల సంగతి కూడా తేల్చుకోవాలి. చాలా సంచికల్లో మొదటి ఇరవై పేజీలూ శుభాకాంక్షలే. లెటర్‌హెడ్‌ను స్కాన్ చేసి, ముద్రలతో సహా పేజీకొకటి చొప్పున వేస్తారు. పాఠకుడు సంచిక తెరవగానే తనకు సంబంధించింది ఏమీ కనిపించక మూసేస్తాడు. సందేశాలు వద్దనను, సభా మర్యాద పాటించాల్సిందే. ఒక్కోదాన్ని నలభై మాటలకు కుదించి, చిన్న ఫొటోతో, పేజీకి ఆరు చొప్పున సంచిక చివర గౌరవంగా అమర్చండి. ఈ నియమాన్ని సందేశాలు అడగడానికి వెళ్లేటప్పుడే చెప్పండి, వచ్చాక చెబితే మనసులు నొచ్చుకుంటాయి.

రచనలు సేకరించే తీరు మార్చుకోవాలి. వాట్సాప్ గుంపులో 'రచనలు పంపగలరు' అని పెడితే 'నా బాల్యం మధురం', 'గురువే దైవం' అన్న వ్యాసాలు పది వస్తాయి. అది రాసినవారి తప్పు కాదు. వారిని ఎవరూ ఏమీ అడగలేదు. మనిషిని చూసి ప్రశ్న అడగండి. రిటైరైన లైన్‌మన్ ఊళ్లో ఉంటే, కరెంటు మొదటిసారి వచ్చిన రాత్రి ఏం జరిగిందో చెప్పమనండి. బడి ఎదుట జామకాయలు అమ్మినావిడ ఉంటే, అప్పు పెట్టిన పిల్లలు పెద్దయ్యాక వచ్చి ఏమన్నారో అడగండి. రాయడం రానివారి దగ్గరకు ఫోను పట్టుకుని వెళ్లి, మాట రికార్డు చేసుకుని, వారి యాసలోనే రాసుకోండి. రాసేవారికి మూడు సంగతులు ముందే చెప్పాలి: ఏ విషయం, ఎన్ని మాటలు, ఏ తేదీలోగా. 600 మాటలు కావాలని చెప్పకుండా 2,000 మాటలు వచ్చాక కత్తిరిస్తే ఆ బాధకు మనమే కారకులం.

ఇక ఎడిటింగ్. వచ్చిన రచనను నేరుగా డీటీపీకి పంపడం ఎడిటింగ్ అనిపించుకోదు. ప్రతి రచననూ మూడుసార్లు చదవండి. మొదటిసారి చేతిలో పెన్ను లేకుండా, మామూలు పాఠకుడిలా చదవండి. ఎక్కడ విసుగు పుట్టిందో, ఎక్కడ మళ్లీ వెనక్కి వెళ్లాల్సి వచ్చిందో గుర్తుంచుకోండి. రెండోసారి నిర్మాణం చూడండి. చాలా వ్యాసాల్లో అసలు విషయం మూడో పేరాలో మొదలవుతుంది. మొదటి రెండూ గొంతు సవరించుకోవడం. వాటిని తీసేస్తే వ్యాసం లేచి నిలబడుతుంది. మూడోసారి వాక్యం వాక్యం చూడండి.

వాక్యం బాగుచేయడమంటే మాటలు అటూ ఇటూ మార్చడం అనుకుంటారు. ఒకసారి నా చేతికి ఇలాంటి వాక్యాలు వచ్చాయి: 'మా గ్రామమందు 1978వ సంవత్సరమున గ్రామ పెద్దల సహకారముతో ఉన్నత పాఠశాల భవనము నిర్మింపబడినది. తద్వారా ఎందరో విద్యార్థులకు విద్యావకాశాలు కల్పింపబడినవి.' తప్పేమీ లేదు, కానీ కళ్ల ముందు ఏమీ కట్టదు. రాసిన పెద్దాయనకు ఫోన్ చేశాను. 'సహకారమంటే ఏమిటండీ, ఎవరేమిచ్చారు?' అని అడిగాను. పావుగంట చెప్పారు. ఆయన చెప్పిందే రాసుకుని ఆయనకే చదివి వినిపించాను: '1978లో ఊళ్లో కొందరు దూలాలిచ్చారు, కొందరు బండ్లతో ఇసుక తోలారు, ఇవ్వడానికి ఏమీ లేనివాళ్లు రోజుకు ఇంటికొకరు చొప్పున పనిలోకి వచ్చారు. అలా లేచింది మా హైస్కూలు. అంతకుముందు ఆరో తరగతి చదవాలంటే వాగు దాటి వెళ్లాలి. వాగు పొంగితే ఆ రోజు బడి లేనట్టే.' ఆయన కాసేపు మాట్లాడలేదు. 'ఇదేనండీ నేను రాద్దామనుకున్నది' అన్నారు. ఎడిటింగ్‌లో సగం పని ఇలా అడగడమే.

మన భాషలో 'చేయబడినది', 'నిర్వహించబడినది' అన్నప్పుడల్లా చేసిన మనిషి మాయమైపోతాడు. ఆ మనిషిని వెనక్కి తీసుకురండి. 'ఎంతో మంది', 'అనేక రకాలుగా', 'చెప్పనలవి కాని' అన్న మాటలు కనిపిస్తే అక్కడ ఒక వివరం తప్పిపోయిందని అర్థం. గిడుగు రామమూర్తి గారు వాడుక భాష కోసం పోరాడి 1919లో 'తెలుగు' అనే పత్రికే నడిపారు. ఇన్నేళ్ల తర్వాత కూడా సంచిక అనగానే మనం గ్రాంథికపు తలపాగా చుట్టుకోవాల్సిన పని లేదు. అలాగే శ్రీకాకుళం మాటనూ, కరీంనగర్ మాటనూ, అనంతపురం మాటనూ ఒకే ఇస్త్రీ పెట్టెతో నున్నగా చేయకండి. వాక్యం స్పష్టంగా ఉన్నంతవరకు ఎవరి పలుకుబడి వారిదే.

మార్పులు చేసేటప్పుడు మర్యాద ముఖ్యం. పెద్ద మార్పు చేస్తే రాసినవారికి చూపించి తీరాలి. వారి అభిప్రాయాన్ని మార్చే హక్కు మనకు లేదు. దాన్ని స్పష్టం చేసే బాధ్యత మాత్రం ఉంది. వేసుకోలేని రచనను నెలల తరబడి నాన్చకుండా, కారణం చెప్పి తిప్పి పంపండి. ఈ పనికి పేరు రాదు. 'చందమామ'లో కొడవటిగంటి కుటుంబరావు గారు 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా పనిచేశారు. ఎందరో పంపిన కథలను తిరగరాసి ఆ తేట తెలుగుకు తెచ్చింది ఆయన చేయి. సంపాదకుడిగా పత్రిక మీద ఆయన పేరు మాత్రం పడలేదు. పాఠకులకు దక్కిన చదువే ఆయన సంతకం.

రచనలు చదువుతూనే ఒక కాగితం మీద రాతపద్ధతి రాసుకోండి. కాలేజీయా, కళాశాలా? అంకెలు వేస్తామా, అక్షరాల్లో రాస్తామా? పేర్లకు ముందు 'శ్రీ', వెనక 'గారు' రెండూనా, ఒకటేనా? ఇంటిపేరు మొదటి అక్షరం తర్వాత చుక్క పెడతామా? ఒక పేజీలో 'రామ్మూర్తి', మరో పేజీలో 'రామమూర్తి' అయితే ఇద్దరు మనుషులు అనుకుంటారు. ఒక్క కాగితం చాలు, సంచిక మొత్తం ఒక చేతి మీదుగా వచ్చినట్టు ఉంటుంది.

శీర్షిక, దాని కింద రెండు వరసల ఇంట్రో, ఫొటో కింద వ్యాఖ్య: పేజీ తిప్పేవాడు ముందు చదివేవి ఇవే. వీటిని ఆఖరి రాత్రికి వదిలేయకండి. 'మధుర స్మృతులు' అన్న శీర్షిక ఏ వ్యాసానికైనా పెట్టొచ్చు. అంటే ఏ వ్యాసానికీ సరిపోదు. 'వాగు పొంగితే బడి లేదు' అన్నది ఆ ఒక్క వ్యాసానికే సరిపోతుంది. ఫొటో వ్యాఖ్యలో ఎడమ నుంచి కుడికి ఎవరెవరు, ఏ సంవత్సరం, ఎక్కడ అన్నవి ఉండాలి. 'కార్యక్రమంలో పాల్గొన్న ప్రముఖులు' అని రాస్తే పదేళ్ల తర్వాత అందులో ఉన్నవారి పిల్లలు కూడా గుర్తుపట్టలేరు.

ఇప్పుడు పేజీ అందం. తెలుగు అక్షరానికి కింద ఒత్తులు, పైన గుడులు. ఇంగ్లీషు కొలతతో వరసలు పేరిస్తే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకుతుంది. ఫాంటును బట్టి మారుతుంది కానీ, 11 పాయింట్ల అక్షరానికి 16 పాయింట్ల వరస ఎడం పెట్టి మొదలుపెట్టండి, అచ్చు తీసి చూసి సరిచేసుకోండి. పెద్దవాళ్లు ఎక్కువగా చదివే సంచికైతే అక్షరం ఇంకో పాయింటు పెంచండి. ఏ4 సైజు పేజీలో ఒకే కాలమ్ వేస్తే వరస పొడవై, కన్ను తిరిగొచ్చేటప్పుడు దారి తప్పుతుంది. రెండు కాలమ్‌లు వేయండి. మూడు వేస్తే మన పొడుగాటి సమాసాలు ఇమడక, రెండు వైపులా సమం చేసినప్పుడు మాటల మధ్య గుంతలు పడతాయి. ఇరుకు కాలమ్‌లో ఎడమవైపు మాత్రమే సమంగా ఉంచి కుడివైపు వదిలేయడం మేలు.

ఏటవాలు అక్షరాలు తెలుగుకు నప్పవు. ఫాంటులో లేని లావును కంప్యూటర్ చేత బలవంతాన పుట్టిస్తే అక్షరాల కడుపులు పూడుకుపోతాయి. నొక్కి చెప్పాలంటే సైజు మార్చండి, లేదా ఆ ఫాంటుకే ఉన్న లావు రూపం వాడండి. సంచిక మొత్తానికి రెండు ఫాంట్లు చాలు, ఒకటి పాఠానికి, ఒకటి శీర్షికలకు. సిలికానాంధ్ర చొరవతో వచ్చిన మండలి, రామభద్ర, సురవరం, మల్లన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగా దొరుకుతున్నాయి. పాఠం మీద ఫొటో నీడలా పరచడం, ముదురు రంగు మీద సన్నని తెల్ల అక్షరాలు వేయడం మానండి. పేజీలో కొంత ఖాళీ ఉంటే డబ్బు వృథా అయిందని కార్యవర్గం అంటుంది. కన్ను ఊపిరి పీల్చుకునేది ఆ ఖాళీలోనే అని చెప్పండి.

కంపోజింగ్‌లో ఒక చిక్కు ఉంది. కొందరు యూనికోడ్‌లో పంపుతారు, డీటీపీ సెంటరువారు 'అను' ఫాంట్లలో పనిచేస్తారు. మార్చేటప్పుడు ఒత్తులు జారిపోతాయి, 'సాఫ్ట్‌వేర్' కాస్తా 'సాఫ్ట్వేర్' అవుతుంది. ఇన్‌డిజైన్‌లో యూనికోడ్ తెలుగు సరిగా కూర్చాలంటే వరల్డ్ రెడీ కంపోజర్‌ను ఎంచుకోవాలి. ఏ పద్ధతిలో అయినా సరే, మొదటి రచన నుంచి చివరి రచన దాకా ఒకటే పద్ధతి ముందుగా నిర్ణయించుకోండి.

ఫొటోలు అచ్చులో మసకబారడానికి ఎక్కువసార్లు కారణం వాట్సాప్. మామూలుగా పంపితే అది బొమ్మను కుదించేస్తుంది, డాక్యుమెంటుగా పంపమనండి. అచ్చుకు అంగుళానికి 300 చుక్కలు కావాలి. 6 అంగుళాల వెడల్పు ఫొటోకు 1,800 పిక్సెళ్లు ఉండాలన్నమాట. పాఠాన్ని ఒక్క నలుపు సిరాతోనే వేయించండి. నాలుగు రంగులు కలిపిన నలుపు కొద్దిగా జరిగినా అక్షరం మసకగా కనిపిస్తుంది. అంచుదాకా వచ్చే బొమ్మలను చుట్టూ మరో 3 మిల్లీమీటర్లు బయటికి పొడిగించండి.

ప్రూఫులు తెర మీద చూస్తే చాలదు. కాగితం మీద తీయండి. మొదటి ప్రూఫు ఇద్దరు కూర్చుని చూడాలి, ఒకరు మూలం చదువుతుంటే ఒకరు అచ్చు చూడాలి. రెండోది, ఆ రచన ఎప్పుడూ చూడనివారు చూడాలి. మూడోది కేవలం పేర్లు, తేదీలు, ఫోన్ నంబర్లు, విషయసూచికలోని పేజీ సంఖ్యల కోసం. చెప్పిన తప్పులు దిద్దారో లేదో చూడటం ఎంత అవసరమో, దిద్దేటప్పుడు పక్కన కొత్త తప్పు పడిందేమో చూడటం అంత అవసరం. ప్రూఫుల కోసం పది రోజులు అట్టిపెట్టండి. సభ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి క్యాలెండర్ వేసుకుంటేనే ఆ పది రోజులు మిగులుతాయి.

ఆఖరుగా ఒక స్వానుభవం. కొన్నేళ్ల కిందట, 1977 నవంబరు ఉప్పెనకు దెబ్బతిన్న కృష్ణా తీరంలోని ఒక ఊరి చెరువుల గురించి రాయాల్సి వచ్చింది. ఎవరిని అడిగినా తలా ఒక మాట చెప్పారు. చివరికి ఒక ఇంటి అటక మీద, అట్టలూడిన హైస్కూలు సంచిక ఒకటి దొరికింది. అందులో డ్రిల్లు మాస్టారు రాసిన రెండు పేజీల వ్యాసం. ఏ చెరువు గట్టు ఎక్కడ తెగింది, ఉప్పునీరు ఎన్నాళ్లు నిలిచింది, మళ్లీ మంచినీళ్లు ఎప్పుడు తాగారు, అన్నీ పేర్లతో సహా ఉన్నాయి. ఇంకెక్కడా లేని సంగతులు. కానీ ఆ పేజీల మీద సంచిక పేరు లేదు, సంవత్సరం లేదు. అవి అట్ట మీద ఉండేవి, అట్ట పోయింది. అంత విలువైన సాక్ష్యాన్ని ఏ సంచికలోదో చెప్పలేక నా వ్యాసంలో పూర్తిగా వాడుకోలేకపోయాను. ఆ లోటు ఇప్పటికీ బాధిస్తుంది.

అందుకే మిమ్మల్ని వేడుకుంటున్నాను. ప్రతి పేజీ అడుగున పేజీ సంఖ్యతో పాటు సంచిక పేరు, నెల, సంవత్సరం చిన్న అక్షరాల్లో వేయండి. లోపలి మొదటి పేజీలో సంపాదకులు, ప్రచురణకర్త, ప్రెస్సు, ఊరు, తేదీ రాయండి. 1918లో మొదలైన వేటపాలెం సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాలు పాత పత్రికలను కళ్లకద్దుకుని దాస్తున్నాయి. అలాంటి చోటికి ఒక ప్రతి, మీ జిల్లా గ్రంథాలయానికి ఒకటి, మీ బడికి రెండు పంపండి. వెతికితే అక్షరాలు దొరికేలా పీడీఎఫ్ ఒకటి దాచండి.

డ్రిల్లు మాస్టారు రచయిత కాదు. ఆయన్ని ఎవరో వెళ్లి, 'మాస్టారూ, ఉప్పెన తర్వాత చెరువులు ఏమయ్యాయో మీకే తెలుసు, రాసివ్వండి' అని అడిగి ఉంటారు. వచ్చినదాన్ని శ్రద్ధగా చూసి ఉంటారు, ఒక్క తప్పు లేదు. వారి పేరు కూడా ఆ అట్టతోనే పోయింది. నాకు తెలిసిన గొప్ప సంపాదకుల్లో వారొకరు. మీ ఊళ్లో కూడా అలా అడగాల్సినవారు ఎవరో ఉన్నారు, వయసు మీద పడుతోంది. సంచిక కోసం మొదటి సమావేశం జరిగిన మర్నాడే వారి ఇంటికి వెళ్లండి.

ఇట్లు,
మీ సంచికలను ఇంటికి తీసుకెళ్లి చదివే
ఒక పాత సబ్ ఎడిటర్